షిట్జూ పిల్లకు గుండు కన్నా దువ్వెన ముఖ్యం

ప్రశ్న: మేము విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాము. ఈ మధ్యనే షిట్జూ అనే చిన్న జాతికి చెందిన ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాము. దానికి నాలుగు నెలలు నిండబోతున్నాయి, చివరి విడత టీకా వచ్చే వారం వేయించాలి. ప్రతి ఆదివారం బేబీ షాంపూతో స్నానం చేయించి, కొబ్బరినూనె రాసి దువ్వుతున్నాము. అయినా చెవుల వెనుక, చంకల్లో జుట్టు ఉండలు కడుతోంది. దువ్వెన చూస్తేనే పారిపోతుంది, పట్టుకుంటే దువ్వెననూ నా వేళ్ళనూ కొరుకుతుంది. కళ్ళ కింద గోధుమరంగు చారలు పడ్డాయి. దగ్గరలో ఉన్న ఒక గ్రూమర్ (కుక్కలకు స్నానం, జుట్టు కత్తిరింపు చేసేవారు) ఒళ్ళంతా గొరిగేయాలని, మూడు గంటలు వదిలి వెళ్ళమని చెప్పారు. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి గుండు చేయిస్తేనే మంచిదని, తిరిగి వచ్చే జుట్టు ఇంకా ఒత్తుగా వస్తుందని మా అత్తగారు అంటున్నారు. పిడుదులు పట్టకుండా నూనెలో కర్పూరం కలిపి రాయమని కూడా చెప్పారు. ఈ పనులన్నీ ఇంట్లోనే చేసుకోవాలా, గ్రూమర్‌కు అప్పగించాలా?
ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీరు చివర్లో రాసిన విషయానికి ముందుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే అది ఆగేది కాదు. కర్పూరం కలిపిన నూనె దయచేసి రాయవద్దు. కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది, కుక్క తన ఒళ్ళు తాను నాకినప్పుడు నేరుగా కడుపులోకి పోతుంది, రెండు మూడు కిలోల బరువున్న పిల్లకు ఫిట్స్ తెప్పించడానికి అది చాలు. పిడుదుల కోసం కొన్ని ఇళ్ళలో రాసే కిరసనాయిలుకూ ఇదే మాట వర్తిస్తుంది. మీ అత్తగారు దాని మేలు కోరే చెప్పి ఉంటారు, అయితే ఈ విషయంలో మాత్రం ఆమెకు నచ్చజెప్పక తప్పదు.

ఇక ఇల్లా, గ్రూమరా అన్న ప్రశ్న. దువ్వడం, ముఖం తుడవడం, పళ్ళు తోమడం, కాళ్ళూ చెవులూ రోజూ తడిమి చూడడం ఇంటివాళ్ళ పని. కత్తెర, క్లిప్పర్ (జుట్టు గొరిగే మిషను) పట్టుకుని జుట్టుకు ఒక ఆకారం తీసుకురావడం గ్రూమర్ పని. ఇంటి పని సరిగా సాగకపోతే గ్రూమర్ ఎంత నేర్పరి అయినా ఆయనకు గొరగడం తప్ప దారి మిగలదు. నెలకొకసారి డబ్బు ఇచ్చి చేయించుకుంటున్నాం కదా అని మధ్యలో దువ్వెన పట్టని ఇళ్ళలోనే కుక్కలకు జుట్టు అట్టలు కడుతుంది.

షిట్జూ జుట్టు స్వభావాన్ని తెలుసుకుంటే మీ పిల్లకు ఉండలు ఎందుకు కడుతున్నాయో అర్థమవుతుంది. దానికి రెండు పొరలు ఉంటాయి, పైన పొడవాటి వెంట్రుకలు, కింద మెత్తని నూగు. ఈ జాతి ఇల్లంతా వెంట్రుకలు రాల్చదని మెచ్చుకుని చాలామంది దీన్నే ఎంచుకుంటారు. నిజానికి ఊడిన వెంట్రుక నేల మీద పడకుండా పక్క వెంట్రుకల్లో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది, ఒంటికి ఒళ్ళు రాసుకునే చోటల్లా, అంటే చెవుల వెనుక, చంకల్లో, తొడల సందుల్లో, మెడపట్టీ లేదా హార్నెస్ కింద, అది మిగతా జుట్టును చుట్టుకుని ఉండ కడుతుంది. పైపైన బ్రష్ లాగితే పై పొర నిగనిగలాడుతుంది, చర్మాన్ని అంటుకుని ఉన్న చిక్కు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే రోజూ దువ్వుతున్నామని నిజాయితీగా చెప్పేవారి కుక్కలకు కూడా జడలు కడతాయి.

మీ ఆదివారపు వరుసలో తిరగబడినది ఒక్కటే ఉంది. మీరు స్నానం చేయించిన తరువాత దువ్వుతున్నారు. చిక్కు ఉన్న జుట్టుకు నీరు తగిలి, ఆ పైన తువ్వాలుతో రుద్దితే అది బిగుసుకుపోతుంది. చిక్కు మొత్తం తీశాకే నీళ్ళు పోయాలి. కొబ్బరినూనె జుట్టును జారేలా చేస్తుందనిపించినా, దుమ్మును పట్టి ఉంచుతుంది, కుక్క దాన్ని నాకి కడుపు చెడగొట్టుకుంటుంది, కృష్ణా తీరపు ఉక్కపోతలో చర్మాన్ని జిడ్డుగా ఉంచి దురదకు దారి తీస్తుంది. దాన్ని మానేయండి. ఒక స్ప్రే సీసాలో నీళ్ళు పోసి, కుక్కల కండిషనర్ చెంచాలో సగం కలిపి, దువ్వే ముందు పలచగా చల్లండి. పొడి జుట్టును దువ్వితే వెంట్రుకలు తెగి, తెగిన కొసలు మళ్ళీ చిక్కుపడతాయి.

ఎక్కువ సామాను కొనవలసిన పనిలేదు. మొనలకు గుండ్లు లేని పిన్ బ్రష్ ఒకటి, ఒక పక్క పళ్ళు ఎడంగా, మరో పక్క దగ్గరగా ఉండే స్టీలు దువ్వెన ఒకటి ఉంటే చాలు. ఈ రెంటిలో ఒక్కటే కొనగలిగితే స్టీలు దువ్వెన కొనండి, అది అబద్ధం చెప్పదు. వేరు నుంచి కొస దాకా ఎక్కడా ఆగకుండా జారిందంటే అక్కడ చిక్కు లేదని అర్థం. దుకాణాల్లో అంటగట్టే చిక్కులు కోసే పళ్ళ కత్తులను, అండర్‌కోట్‌ను, అంటే కింది నూగును లాగే సాధనాలను ఈ వయసు పిల్ల మీద వాడవద్దు.

దువ్వే పద్ధతి ఇలా ఉంటుంది. పిల్లను పక్కకు పడుకోబెట్టి, పొట్ట దగ్గర మొదలుపెట్టి, ఒక చేత్తో పై జుట్టునంతా పైకి ఎత్తి పట్టుకుని, కింద చర్మం కనిపించేలా అడ్డంగా పాపిట తీయాలి. ఆ పాపిట కింద ఉన్న పలచని వరుసను మాత్రమే దువ్వాలి. అది సాఫీ అయ్యాక పై నుంచి ఇంకొక వరుసను కిందికి వదిలి, మళ్ళీ పాపిట తీసి, అలా వెన్నెముక దాకా వెళ్ళాలి. మొదట్లో ఒక రోజు ఒక పక్క, మరునాడు రెండో పక్క చేసినా సరిపోతుంది, అయితే చెవుల వెనుక, చంకలు మాత్రం ఏ రోజూ తప్పించవద్దు.

ఇప్పటికే కట్టిన ఉండల మాట. చెవి వెనుక ఉన్న ఉండను కండిషనర్ కలిపిన నీళ్ళతో తడిపి, లేదా చిటికెడు కార్న్‌ఫ్లోర్ అద్ది, ముందు వేళ్ళతో నిలువుగా చీలికలుగా విడదీయండి. చర్మానికీ ఉండకూ మధ్య ఉన్న కాస్త జుట్టును ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా పట్టుకుంటే, దువ్వెన లాగిన లాగు మీ వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది, పిల్లకు నొప్పి తెలియదు. తరువాత కొసల నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా వేరు వైపు వస్తూ, ఎడం పళ్ళతో విడదీయాలి. పదిసార్లు ప్రయత్నించినా రాని ఉండను ఆ పూటకు వదిలేయండి. కత్తెరతో తీసేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. ఉండ లాగుతున్నప్పుడు దాని కింద చర్మం గుడారంలా పైకి లేచి ఉంటుంది, ఆ చర్మం ఎక్కడ ముగిసి జుట్టు ఎక్కడ మొదలవుతుందో కంటికి ఆనదు, కుక్కపిల్ల ఒక్కసారి కదిలితే చెవి అంచు తెగుతుంది. తప్పనిసరైతే ఉండకూ చర్మానికీ మధ్య దువ్వెనను అడ్డంగా దూర్చి, దువ్వెనకు పై వైపు మాత్రమే కత్తిరించాలి. చర్మాన్ని పూర్తిగా అంటుకుపోయిన వాటిని క్లిప్పర్‌తో తీయించడమే క్షేమం.

ఇదంతా సాగాలంటే పిల్ల ముందు నిలబడాలి కదా. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తాయి, చిగుళ్ళు సలుపుతుంటాయి, నోటికి అందినది కొరకడం ఆ వయసు లక్షణం. దాని మీద కోపగించుకుని మూతి మీద కొట్టేవారు ఉన్నారు. అలా చేస్తే అది కొరకడం మానదు, చెయ్యి దగ్గరికి రావడాన్నే భయంగా చూడడం నేర్చుకుంటుంది, పెద్దయ్యాక ఆ భయం గ్రూమర్ బల్ల మీద కాటుగా బయటపడుతుంది. స్టీలు పళ్ళెం అడుగున చక్కెర లేని గట్టి పెరుగు పలచగా పూసి ముందు పెట్టండి. అది నాకుతున్నంతసేపూ మీరు పని చేయండి, పెరుగు అయిపోగానే మీరూ ఆపేయండి. మొదటి వారం దువ్వెన తిరగేసి వీపు వైపుతో నిమరడం, పాదాలు పట్టుకుని ఒక్కో వేలూ విప్పి చూడడం, చెవి ఎత్తి దించడం, పెదవి పైకి తీసి పళ్ళు తాకడం, ఇవి చాలు. రెండు మూడు నిమిషాలు మించవద్దు. గింజుకుంటున్నప్పుడు వదిలితే గింజుకుంటే వదులుతారని గ్రహిస్తుంది, కాబట్టి చెయ్యి తీయకుండా ఒక్క క్షణం అది నెమ్మదించే దాకా ఆగి, అప్పుడు వదలండి. ఏ సమయంలో చేసినా ఆడి అలసిపోయాక చేయండి, పొద్దున్నే ఉరకలు వేస్తున్నప్పుడు కూర్చోబెట్టడం ఇద్దరికీ శిక్ష.

ఒళ్ళో కన్నా, జారకుండా రబ్బరు మ్యాట్ పరిచిన బల్ల మీద అలవాటు చేయడం మంచిది, గ్రూమర్ దగ్గర కూడా బల్లే ఉంటుంది కనుక. అయితే బల్ల మీద ఉన్నంతసేపూ ఒక చెయ్యి దాని మీదనే ఉండాలి, ఫోను మోగినా సరే. చిన్న జాతి పిల్లలకు ముందు కాళ్ళ ఎముకలు సన్నగా ఉంటాయి, బల్ల ఎత్తు నుంచి దూకితే విరగగలవు.

ఈ అలవాటు ఇప్పుడే ఎందుకంటే, షిట్జూకు దాదాపు ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య చిన్ననాటి మెత్తని జుట్టు పోయి పెద్ద జుట్టు వస్తుంది. ఆ కొద్ది నెలలు నిన్న సాయంత్రం దువ్వినచోట ఈ పొద్దుటికి మళ్ళీ ఉండలు కనిపిస్తాయి. పొడవాటి జుట్టు ఉంచుకోవాలని ముచ్చటపడిన వారిలో చాలామంది అప్పుడే విసిగి గొరిగిస్తారు. ఆ దశ దాటితే పని చాలా తేలికవుతుంది.

స్నానం రెండు మూడు వారాలకొకసారి చాలు, మధ్యలో పాదాలు, మూతి తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బేబీ షాంపూ ఒకసారి వాడినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు, కానీ మన చర్మం ఆమ్ల గుణం ఉన్నది, పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది, కుక్క చర్మం తటస్థానికి, అంటే 7కు దగ్గరగా ఉంటుంది. మనుషుల కోసం చేసినవి వారం వారం వాడితే దాని చర్మం పొడిబారుతుంది. కుక్కపిల్లల షాంపూను నీళ్ళలో కలిపి, గోరువెచ్చని నీటితో, తల మీద పోయకుండా మెడ నుంచి వెనక్కి స్నానం చేయించి, తలను తడిగుడ్డతో తుడవండి. షాంపూ పూర్తిగా పోయే దాకా కడగాలి. తువ్వాలుతో రుద్దకుండా ఒత్తి నీటిని పీల్చనివ్వండి, ఆ తరువాత డ్రయర్‌ను తక్కువ వేడిలో, జానెడు దూరంలో, ఒకేచోట నిలపకుండా తిప్పుతూ, దువ్వుతూ ఆరబెట్టండి. వేరు దాకా ఆరాలి. ఎండలో కట్టేస్తే ఆరుతుందనుకోవద్దు, పైన ఆరి లోపల తడి మిగిలిపోతే, మన కోస్తా గాలిలోని తేమకు ఫంగస్, చీము కురుపులు లేస్తాయి.

కళ్ళ కింద చారల విషయం. ఈ జాతికి ముక్కు దూలం మీది జుట్టు చేమంతి పువ్వు రేకుల్లా అన్ని వైపులకూ పైకి లేస్తుంది, కళ్ళు కూడా ముందుకు ఉబికి ఉంటాయి. నాలుగు నెలల వయసులో ఆ జుట్టు పిలక కట్టేంత పొడవు ఉండదు, కంట్లో గుచ్చుకునేంత మాత్రం ఉంటుంది. దానివల్ల కన్నీరు కారుతుంది, కన్నీటిలోని పోర్ఫిరిన్ అనే పదార్థం వల్ల తెల్లజుట్టు గోధుమరంగుకు మారుతుంది. రోజుకు రెండుసార్లు కాచి చల్లార్చిన నీటిలో ముంచి పిండిన దూదితో, ఒక్కో కంటికి వేరే దూదితో, లోపలి మూల నుంచి బయటికి తుడిచి, వెంటనే పొడిగుడ్డ అద్దండి. చారలు పోగొడతామంటూ ఆహారంలో కలిపే పొడులు అమ్ముతారు. వాటిలో కొన్నింటిలో టైలోసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2014లో తయారీదారులను హెచ్చరించింది. కాబట్టి సీసా మీద ఏమి కలిపారో రాసి లేని పొడి కొనవద్దు. కంటి చుట్టూ ఇంట్లో కత్తెర పెట్టవద్దు. ఒక కన్ను చిట్లించినా, కంటి మీద నీలపు మసక కనిపించినా, పాదంతో కన్ను రుద్దుకుంటున్నా అది చారల సమస్య కాదు, కంటి ముందుండే పారదర్శక పొర (కార్నియా) మీద పుండు పడి ఉండవచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టకండి. చెడువాసన, ముదురు గోధుమరంగు గులిమి, మాటిమాటికీ తల విదిలించడం, ఇవి ఉంటే వైద్యం అవసరం. లేకపోతే కనిపించినంత మేర దూదితో తుడిస్తే చాలు.

గుండు గురించి మీ అత్తగారు చెప్పిన మాట పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మన ఇళ్ళలో అందరూ అనేదే. గొరిగినంత మాత్రాన వెంట్రుక మందం మారదు, మనుషులకైనా, కుక్కలకైనా. ఎండ విషయంలో ఆమె ఆందోళన మాత్రం న్యాయమైనది, మేలో విజయవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. కానీ కుక్క ప్రధానంగా నోరు తెరిచి వగర్చడం ద్వారా ఒంటి వేడిని బయటికి పంపుతుంది. షిట్జూ మూతి పొట్టిది, ఆ దారే ఇరుకు. గుండు చేయించినా ఆ ఇరుకు పోదు, పైగా చర్మం నేరుగా ఎండకు కమిలిపోతుంది. దానికి కావలసింది నీడ, ఫ్యాను లేదా ఏసీ, ఎప్పుడూ నిండుగా ఉండే నీటి గిన్నె, పొద్దున్నే ఎండ ఎక్కకముందు నడక. వేసవికి ఒంటి జుట్టును రెండు మూడు సెంటీమీటర్ల పొడవుకు కత్తిరించి, పొట్ట కింద మాత్రం పొట్టిగా తీయిస్తే, చల్లని నేల మీద పడుకున్నప్పుడు హాయిగా ఉంటుంది. నన్నడిగితే, కుక్కల పోటీలకు తీసుకువెళ్ళే ఉద్దేశం లేని ఇంట్లో ఏడాది పొడవునా ఇదే కత్తిరింపు ఉంచుకోవడం మేలు.

ఒళ్ళంతా అట్టలు కట్టి చర్మం ఊపిరాడకుండా ఉన్న కుక్కకు మాత్రం గంటల తరబడి చిక్కు తీయడం హింస, దానికి గొరగడమే దయ. మీరు వర్ణించినదాన్ని బట్టి మీ పిల్ల ఆ స్థితిలో లేదు. షిట్జూకు గొరిగిన జుట్టు తిరిగి వస్తుంది కనుక ఎప్పుడైనా తప్పనిసరై చేయించినా బెంగపడకండి. పొమేరియన్ ఉన్న మీ బంధువులెవరైనా ఇది చదివితే, వారికి ఈ భరోసా వర్తించదు. ఆ జాతిలో గొరిగినచోట నెలల తరబడి జుట్టు రాకపోవడం, వచ్చినా మచ్చలు మచ్చలుగా రావడం ఉంది.

గ్రూమర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలంటే, చివరి టీకా వేయించిన తరువాత ఒకటి రెండు వారాలు ఆగి వెళ్ళండి. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేల మీద, పరికరాల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, పది కుక్కలు వచ్చిపోయే చోట టీకాలు పూర్తికాని పిల్లను దించడం మంచిది కాదు. ఇంటికి వచ్చే వ్యాన్ గ్రూమర్లకూ ఇదే వర్తిస్తుంది, దువ్వెనలు అవే కదా. టీకా కార్డు చూపించమని అడగని చోటుకు అసలు వెళ్ళకండి, మీ దగ్గర అడగలేదంటే మిగతావారి దగ్గరా అడిగి ఉండరు.

మొదటిసారి పూర్తి కత్తిరింపు అడగవద్దు. స్నానం, గోళ్ళు, పాదాల అడుగున మెత్తల మధ్య జుట్టు, కళ్ళ ముందు జుట్టు, వెనుక భాగం శుభ్రత, ఇంతవరకే చేయించి గంటలో తెచ్చుకోండి. మూడు గంటలు వదిలి వెళ్ళమన్నారంటే ఎక్కువ సమయం ఆరబెట్టే బోనులో గడుస్తుందేమో అడిగి తెలుసుకోండి. వేడిగాలి ఊదే బోనులో పొట్టి మూతి జాతులకు వడదెబ్బ తగిలి ప్రాణం పోయే ప్రమాదం ఉంది, చేత్తో పట్టుకునే డ్రయర్ తప్ప మరేదీ వద్దని ఖండితంగా చెప్పండి. యజమాని ఎదురుగా ఉంటే పిల్ల అటే గింజుకుంటుందని బయట ఉండమనే మంచి గ్రూమర్లు ఉన్నారు, అది తప్పు కాదు. అద్దం లోంచో, కెమెరాలోనో చూడనిస్తారా అని అడగండి, చూడనివ్వకపోతే వేరే చోటు వెతుక్కోండి. అల్లరి చేస్తే మత్తుమందు ఇస్తామంటే అక్కడి నుంచి వెంటనే పిల్లను ఎత్తుకుని వచ్చేయండి, ఆ నిర్ణయం పశువైద్యుడిది మాత్రమే.

కత్తిరింపు చెప్పేటప్పుడు 'కొంచెం పొట్టిగా' అనకండి, ఎవరి కొంచెం వారిది. పొడవును మిల్లీమీటర్లలో చెప్పండి. క్లిప్పర్ బ్లేడుకు నంబరు పెరిగేకొద్దీ జుట్టు పొట్టి అవుతుంది. 10వ నంబరు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే మిగులుస్తుంది, అంటే దాదాపు గుండే. 3ఎఫ్ పదమూడు మిల్లీమీటర్లు ఉంచుతుంది. ఇంకా పొడవు కావాలంటే బ్లేడు మీద తొడిగే దువ్వెనతో తీయమనాలి. ఇంటికి వచ్చాక పొట్ట, చంకలు ఎర్రగా కంది ఉన్నాయేమో చూడండి, వేడెక్కిన బ్లేడు అక్కడే ముందు కాలుస్తుంది. చెవిలో వెంట్రుకలు పీకడం, మలద్వారం పక్కనున్న గ్రంథులు పిండడం కొన్నిచోట్ల అడగకుండానే చేసేస్తారు. ఇబ్బంది లేని కుక్కకు ఆ రెండూ అక్కరలేదు, వద్దని ముందే చెప్పండి.

వచ్చే వారం టీకాకు వెళ్ళినప్పుడు డాక్టరుగారి చేత నాలుగు పనులు చేయించుకోండి. కంట్లో పడే జుట్టును అక్కడే కత్తిరించమనండి. గోరు ఎక్కడి దాకా కత్తిరించాలో, లోపలి రక్తనాళం ఎక్కడ మొదలవుతుందో మీ పిల్ల కాలి మీదే చూపించమనండి, ముఖ్యంగా పక్కకు ఉండే బొటనగోరు, అది నేలకు తగలక అరగదు, వంపు తిరిగి చర్మంలోకి దిగుతుంది. పిల్లను తూకం వేయించి, ఆ బరువుకూ వయసుకూ తగిన పిడుదుల మందు రాయించుకోండి, మీ వైపు పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఎక్కువ కనుక ఇది వాయిదా వేయకండి. కుక్కల టూత్‌పేస్టు కూడా అడగండి, మన పేస్టులోని ఫ్లోరైడ్, కొన్నింటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం. ఏడో నెల వచ్చేసరికి పాలకోరపళ్ళు ఊడకుండా కొత్త కోరపళ్ళ పక్కనే నిలిచి ఉంటే మళ్ళీ చూపించండి. చంకల్లో ఉండలు తీశాక కింద చర్మం మీద గుండ్రని మచ్చలో, పొక్కులో కనిపిస్తే గ్రూమర్ దగ్గరికి వెళ్ళేలోపే చికిత్స మొదలుపెట్టాలి. మీకు గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరే, అక్కడ చర్మం గీకి సూక్ష్మదర్శినిలో పరీక్ష చేయించవచ్చు.